తిప్పుకో తిట్టు

4, సోమవారం

రాయి వదినా. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నీ బడి వ్యాకరణం ఇందులో కలపకు.

ఇది దేవుడి మీద నా ఫిర్యాదు. నోటితో చెప్పి చెప్పి గొంతు అరిగిపోయింది, ఆయన చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాడు. ఏ ఆఫీసుకు వెళ్ళినా కిటికీ వెనకున్నవాడు అడిగేది ఒక్కటే, "రాసి ఇచ్చారా?" అని. సరే, ఆయనకీ రాసే ఇస్తాను. నాకు అక్షరం ముక్క రాదు. మా ఆడపడుచు ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బడిపిల్లలకి పాఠాలు చెప్పింది, ఆవిడ రాస్తుంది. బదులుగా ఆవిడ మోకాళ్ళకి రోజూ నేను నూనె రాసి పిసుకుతాను. ఇదీ మా ఒప్పందం. ఇంట్లో ఇంకెవరూ దీన్ని ముట్టుకోవడానికి వీల్లేదు.

విషయం ఏంటంటే, నా మనవరాలు పిడుగు. ఏడేళ్ళది. నెలల పిల్లప్పుడు ఎముకకి చీము పట్టి దాని ఎడమకాలు ఎదగడం మానేసింది. కుడికాలు మాత్రం తన దారిన తాను పెరుగుతూ పోయింది. ఇప్పుడు రెంటికీ నాలుగు వేళ్ళ తేడా. ఎత్తు మడమ బూటు వేసుకుని నడుస్తుంటే వెనకనుంచి ఒక చక్రంలో గాలిపోయిన బండిలా ఉంటుంది. దానికేమో పరిగెత్తాలని ఒకటే పిచ్చి.

ఎముకల డాక్టరు ఆ కాలి ఎముక కోసి, చుట్టూ ఇనుప చట్రం బిగించాడు. చర్మంలోంచి ఎముకలోకి సన్నని ఊచలు. చట్రానికి నాలుగు నట్లు. రోజుకి నాలుగు పూటలా వాటిని పానాతో పావు చుట్టు చొప్పున తిప్పాలి. తిప్పితే కోసిన చోట సందు కొంచెం కొంచెంగా పెరుగుతుందట, ఆ సందులో కొత్త ఎముక పుడుతుందట. తిప్పకపోతే ఉన్నచోటే అతుక్కుపోతుంది. అప్పుడు మళ్ళీ కొయ్యాలి.

తిప్పేది ఎవరయ్యా అంటే, కన్నతండ్రి. నా కొడుకు. బస్సు డిపోలో ఫిట్టరు. పొద్దస్తమానం బస్సుల కింద దూరి నట్లు తిప్పి, ఇంటికొచ్చి కూతురి కాల్లో నట్లు తిప్పుతాడు. అది అరిచే అరుపుకి పక్కింటివాళ్ళు కిటికీ మూసుకుంటారు. సరిగ్గా ఆ సమయానికి మా కోడలికి గిన్నెలు తోమడం గుర్తొస్తుంది. నేను గోడవైపు తిరిగి నిలబడతాను.

దేవుడా, నువ్వు తండ్రివట కదా. ఇది చూస్తూ ఎలా కూర్చున్నావు? మొదటి ప్రశ్న ఇదే. రాశావా వదినా? కింద గీత కొట్టు.

5, మంగళవారం

తిప్పాడు. అది అరిచింది. నువ్వు పలకలేదు.

మావాడి చొక్కా పైగుండీ మళ్ళీ ఊడిపోయింది. కుట్టడం నా వల్ల కావడం లేదు. డిపోలో పని చేస్తున్నాడో కుస్తీలు పడుతున్నాడో.

7, గురువారం

ఇవాళ పిడుగు కాలు ముట్టుకోనివ్వలేదు. పానా చూడగానే మంచం మూలకి జరిగిపోయి, "నువ్వు మంచివాడివి కాదు, నాకు వేరే నాన్న కావాలి" అంది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

మావాడు మాటకారి కాదు. చిన్నప్పటినుంచీ అంతే. నేను డిపో గేటు దగ్గర టీ బండి పెట్టి నోటితో బతికాను, వీడు నా కడుపున పుట్టి నోరే లేకుండా పెరిగాడు. ఏం చెప్తాడో అని చూస్తున్నా. కాసేపు పానా తిప్పి తిప్పి చూసుకుని అన్నాడు కదా:

"సరే, ఒక ఒప్పందం. తిప్పుకో తిట్టు."

"అంటే?"

"నేనొకటి తిప్పితే నువ్వొకటి తిట్టు. ఏదైనా సరే. నేను ఏమీ అనను. కానీ చెప్పిన తిట్టు మళ్ళీ చెప్పకూడదు."

అది ఏడుపు ఆపి ఆలోచనలో పడింది. "ఏదైనానా?"

"ఏదైనా."

మొదటి నట్టుకి "గాడిద." రెండోదానికి "తుప్పు పట్టిన బస్సు." మూడోదానికి నొప్పి పైకి లేచింది కాబోలు, "చిల్లు బకెట్!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. నాలుగోదానికి మాట రాలేదు, ఉత్త అరుపే. "అది కూడా తిట్టే, రాసుకున్నా" అన్నాడు వాడు.

మా వదినకి నచ్చలేదు. "తండ్రిని తిట్టడం నేర్పిస్తావురా?" అంది. ఆవిడ ఇనుము చూస్తే కళ్ళు తిరిగి పడిపోతుంది కాబట్టి పక్కగదిలోంచే అంది. ఇది కూడా రాయి వదినా. నేనేం అబద్ధం చెప్పడం లేదు.

సాయంత్రానికే దాని తిట్లు అయిపోయాయి. నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చి, "నానమ్మా, నీ దగ్గర ఉన్నవి ఇవ్వవా?" అంది. పిల్లలకి పనికొచ్చేవి వెతికి వెతికి ఇచ్చాను. నా సంచిలో అలాంటివి తక్కువ.

10, ఆదివారం

ప్రార్థన మందిరానికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

బోధకుడు కుర్రాడు. ఇవాళంతా దేవుడి తండ్రి ప్రేమ గురించే. కష్టకాలంలో తండ్రి ఒళ్ళో పసిపాపలా పడుకోండి అన్నాడు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నా పక్కన మా వదిన అయితే కొంగు తడిసిపోయేలా ఏడ్చింది. ఏడ్చావు వదినా, రాయి. నాకు మాత్రం ఒళ్ళు మండింది. బయటికొస్తుంటే గుమ్మం దగ్గర పట్టుకున్నాను.

"బాబూ, నీకు పిల్లలున్నారా?"

"ఇద్దరమ్మా. ఒక్కడూ నా మాట వినడు."

"ఎప్పుడైనా వాళ్ళ ఒంట్లో మేకులు దిగ్గొట్టి తిప్పావా?"

పాపం, "మీకోసం ప్రార్థన చేస్తానమ్మా" అన్నాడు. "చెయ్యి, నీ మాటైనా వింటాడేమో చూద్దాం" అని వచ్చేశాను.

ఒడి అట. నాకు తెలిసిన తండ్రి ఒకడే, మా నాన్న. నేను లేచేసరికి పనికి వెళ్ళిపోయేవాడు, నేను పడుకున్నాక వచ్చేవాడు. మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. తండ్రి అంటే నాకు గుమ్మం పక్కన ఒక జత చెప్పులు. మడమ దగ్గర ఒక పక్కకి అరిగిపోయి ఉండేవి. చెప్పుల ఒళ్ళో ఎవరైనా పడుకుంటారా?

నిన్ను తండ్రి అని పిలవమంటే నాకు కనిపించేది అదే. నా తప్పు కాదు.

11, సోమవారం

మావాడికి డిపోలో షిఫ్టు మార్చారు. మధ్యాహ్నం ఇంటికి రావడం కుదరదు. కోడలు షర్టుల ఫ్యాక్టరీ నుంచి చీకటి పడ్డాక గానీ రాదు. వదినకి ఇనుము పడదు. ఇక మిగిలింది నేను.

పానా నా చేతిలో పెట్టి చూపించాడు. ఇటువైపు, పావు చుట్టు, నాలుగు నట్లూ సమానంగా. ఏ నట్టు ఎంతవరకూ తిరిగిందో తెలిసేలా ఎర్రరంగు చుక్కలు పెడతానన్నాడు. "నాకు అక్షరాలు రావు గానీ పావు చుట్టు తెలీదనుకున్నావా? పావు టీ ఎంతో కళ్ళు మూసుకుని పోసినదాన్ని" అని కసిరాను. చుక్కలు పెట్టకుండానే పనికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం తిప్పడం అయింది.

12, మంగళవారం

మధ్యాహ్నం తిప్పడం అయింది. వదినా, అంతే రాయి. నువ్వు అడిగేదేమీ లేదు.

15, శుక్రవారం

మధ్యాహ్నం తిప్పడం అయింది. తర్వాత పిడుగూ నేనూ మంచం మీదే బస్సు ఆట ఆడాం. అది డ్రైవరు, నేను టిక్కెట్టు కొనని ముసలిదాన్ని. నన్ను నాలుగుసార్లు దింపేసింది. ఎంత నవ్విందో. ఈ ఇంట్లో అది మధ్యాహ్నమే నవ్వుతుంది.

వదిన అడిగింది, "అరుపు వినపడటం లేదేంటి?" అని. నా చెయ్యి తేలిక అన్నాను. పిడుగు నావైపు చూసింది, నేను దానివైపు చూశాను.

నువ్వు కూడా చూస్తున్నావు కదా పైనుంచి. చూడు. ప్రేమ అంటే ఇలా ఉంటుంది. నేర్చుకో.

18, సోమవారం

మావాడు భోజనం చేస్తూ చేస్తూ ఆగిపోయి అన్నాడు, "అమ్మా, నువ్వు తిప్పితే ఏడవడం లేదటగా."

"ఎవరన్నారు?"

"అత్తయ్య. నీ చెయ్యి మంచిదంది. ఎలా తిప్పుతున్నావో నాకూ కొంచెం చూపించవే."

"అది చేతిని బట్టి వస్తుంది, చూపిస్తే రాదు" అన్నాను.

వాడు తల ఊపి, తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. గోళ్ళలో డిపో నలుపు. తర్వాత లేచి సబ్బుతో కడిగాడు, కడిగి మళ్ళీ కడిగాడు.

పైగుండీ మళ్ళీ ఊడింది. కుట్టాను. ఇవాళ ఇంకేమీ లేదు.

22, శుక్రవారం

ఆసుపత్రి. ఎముక ఫోటో తీశారు.

పెన్ను మూసెయ్ వదినా.

23, శనివారం

సరే, రాయి. మొత్తం రాయి.

నిన్న డాక్టరు ఆ నల్ల ఫోటోని వెలుగులో పెట్టి చూపించాడు. సందు ఉండాల్సినంత లేదన్నాడు. ఎముక తొందరపడి గట్టిపడిపోతోందట. "తిప్పడం మధ్యలో మానేశారా?"

"లేదు సార్, ఒక్క పూట కూడా మానలేదు" అన్నాడు మావాడు. "నేను తిప్పడంలోనే ఏదో తప్పుంది సార్. నా చేతులు బస్సులకి అలవాటైన చేతులు."

"సరే, ఇక రోజుకి ఆరుసార్లు తిప్పండి. వచ్చే శుక్రవారం మళ్ళీ ఫోటో. అప్పటికీ కదలకపోతే మళ్ళీ ఆపరేషనే."

పిడుగు "మళ్ళీ కోస్తారా నాన్నా?" అని అడిగింది. బస్సులో ఇంటికొచ్చే దారంతా వాడు కిటికీ పక్కన కూర్చుని పిడికిలి మూస్తూ, తెరుస్తూ ఉన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోట్లో నాలుక ఉండి కూడా మాట్లాడలేదు. నేను!

ఇవాళ పొద్దున వాడు ఊచల చుట్టూ తుడవడానికి నీళ్ళు కాస్తుంటే వంటింట్లోకి వెళ్ళి చెప్పాను. మధ్యాహ్నాలు ఒక్కసారి కూడా తిప్పలేదురా అన్నాను. మొదటిరోజు పానా పెట్టాను. అది "నానమ్మా, నువ్వు కూడానా" అంది. పానా తీసేశాను. నాలుగు పూటల్లో ఒక్క పూట అయినా ఆ పిల్లకి సుఖం ఉండాలనుకున్నాను. మూడు పూటలు నువ్వు తిప్పుతూనే ఉన్నావు కదా, ఒకటి మానితే కొంపలు మునుగుతాయా అనుకున్నాను.

వాడు స్టవ్ ఆపాడు. నా కొడుకు నా మీద గొంతు లేపడం ఈ వయసులో మొదటిసారి విన్నాను.

"నీకొక్కదానికే ఉందా అమ్మా మనసు? నాకు లేదనుకున్నావా? రోజూ ఆ పానా మూసీలో పారేయాలనిపిస్తుంది నాకు! అది ముద్దుగా నన్ను చూసి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా? నేను కనబడితే కాలు దాచుకుంటుంది. నన్ను ఇష్టపడకపోయినా ఫరవాలేదు, అది పరిగెత్తితే చాలనుకున్నాను. అంతకన్నా నాకింకేం వచ్చు?"

లోపలినుంచి పిడుగు అరిచింది, "నానమ్మని తిట్టకు! నేనే వద్దన్నాను!"

వాడు గొంతు దించేసి, "తిట్టడం నీ వంతు తల్లీ, నాది కాదు. వస్తున్నా" అని నీళ్ళగిన్నె పట్టుకుని వెళ్ళిపోయాడు.

వదినా, ఏడవకు. కాగితం తడుస్తుంది.

24, ఆదివారం

ప్రార్థన మందిరానికి వదిన ఒక్కతే వెళ్ళింది. నేను వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాను? సాయంత్రం కూర్చుని చెప్తున్నాను, రాస్తోంది.

వాడు తిప్పుతున్నప్పుడు ఇవాళ నేను గోడవైపు తిరగలేదు. ఇన్నాళ్ళలో మొదటిసారి ఎదురుగా నిలబడి చూశాను. ఇన్నాళ్ళూ చెవులతో చూసి కళ్ళతో చూశాననుకున్నాను.

వాడు మంచం మీదికి వంగుతాడు. పానా నట్టుకి తగిలించకముందే పిడుగు రెండు చేతులూ చాచి వాడి చొక్కా కాలరు పట్టుకుంటుంది. వాడు తిప్పుతాడు. అది "పాత టైరు! కుళ్ళిన టమాటా! ముళ్ళపంది!" అని గుక్క తిప్పుకోకుండా తిడుతుంది, తిట్టినకొద్దీ ఆ కాలరుని తనవైపు లాక్కుంటుంది. నాలుగో నట్టుకి దాని మొహం వాడి మెడలో ఉంది. తిడుతున్నదీ వాణ్ణే, పట్టుకుని వేలాడుతున్నదీ వాణ్ణే. గదిలో నేనున్నాను, వాళ్ళమ్మ ఉంది, మా ఎవరివైపూ చెయ్యి చాపలేదు.

టప్ మని గుండీ ఊడి మంచం కిందకి దొర్లింది.

నేను వంగి వెతికి తీశాను. ఇన్నిసార్లు కుట్టానే, ఏ కుస్తీలో ఊడుతోందని ఒక్కసారైనా వాణ్ణి అడిగానా?

25, సోమవారం

పొద్దున వాడు డిపోకి వెళ్తూ నట్ల మీద ఎర్రచుక్కలు పెట్టాడు. ఈసారి రంగుడబ్బా నేనే పట్టుకున్నాను. తర్వాత నా దగ్గరికొచ్చి పానా నా చేతిలో పెట్టాడు.

"మళ్ళీ నాకెందుకురా?"

"మధ్యాహ్నాలు నీవేగా."

"నమ్ముతున్నావా?"

"మరి ఇంకెవరున్నారే నాకు?" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మంచం మీదికి వంగాను. పిడుగు కాలు దాచుకుంది. "బస్సు ఆట ఆడదాం నానమ్మా" అంది. ముందు ఇది, తర్వాత బస్సు అన్నాను. పానాని రెండు చేతులా పట్టుకున్నాను. మొదటి నట్టు తిప్పాను. ఎర్రచుక్క పక్కకి జరిగింది. అది కెవ్వుమంది. రెండోది. మూడోది. తిట్లు వెతుక్కుంటోంది, నేనిచ్చినవన్నీ వాళ్ళ నాన్న మీదే ఖర్చు పెట్టేసుకుంది. నాలుగో నట్టుకి ఇంక ఏదీ దొరక్క, ఊపిరంతా కూడదీసుకుని, దానికి తెలిసిన మాటల్లో అన్నిటికన్నా చెడ్డమాట అరిచింది.

"నువ్వు కూడా నాన్నవి అయిపోయావు!"

అని నా జాకెట్టు పట్టుకుని నా మెడలో మొహం దాచుకుంది.

భుజం దగ్గర కుట్టు ఊడింది. కుట్టుకోలేదు. అలాగే ఉంచాను.

27, బుధవారం

తిప్పాను. ఆరింటిలో రెండు పూటలు నావి. అది నాతో బస్సు ఆట మానేసింది. సాయంత్రం తనే వచ్చి పక్కన కూర్చుంది.

28, గురువారం

ఒక మాట గుర్తొచ్చింది, రాయి. చిన్నప్పుడు నాకు రాత్రి మధ్యలో మెలకువ వస్తే గుమ్మం వైపు చూసేదాన్ని. చెప్పులు ఉన్నాయంటే నాన్న ఇంట్లో ఉన్నట్టు. వాటిని చూసి మళ్ళీ పడుకునేదాన్ని. మొహం చూడాలని లేపలేదు ఎప్పుడూ. ఆ చెప్పులు చాలేవి.

అంతే. ఎందుకు గుర్తొచ్చిందో నన్నడక్కు.

29, శుక్రవారం, ఆసుపత్రికి బయలుదేరేముందు

వదినా, చెప్పులు తర్వాత వేసుకుందువు గానీ, ముందు ఇది రాయి. ఫలితం తెలియకముందే రాయాలి. మంచి కబురు విని మాట మార్చానని ఆయన అనుకోకూడదు, చెడ్డ కబురు విని మార్చానని నేననుకోకూడదు.

ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం లేదు. పసిపిల్ల కాలికి చీము ఎందుకు పట్టించావన్నది అలాగే ఉంది, దానికి నువ్వు జవాబు చెప్పాల్సిందే. ఒళ్ళో పడుకోమంటే ఇప్పటికీ నాకు చేతకాదు. ఆ కుర్ర బోధకుడు చెప్పినంత మెత్తగా నువ్వు లేవు, నాకు ఒక్కనాడూ లేవు.

కానీ ఒక సంగతి చూశాను. ఇన్నాళ్ళూ ఇన్ని కాగితాల నిండా నిన్ను తిట్టాను, నువ్వు ఒక్కమాట అనలేదు. చెవుల్లో దూది అనుకున్నాను. మావాడు కూడా ఏమీ అనడు. వంగి ఉంటాడు, అంతే. కాలరు అందేంత దగ్గరగా వంగి ఉంటాడు. దూరంగా నిలబడి తిప్పే పానా ఏదీ లేదు, అది నాకిప్పుడు తెలుసు, నేను తిప్పాను కదా. తిప్పేవాడి మెడ తిట్టేవాళ్ళకి అందుతుంది.

అందుకని, తిప్పు. మళ్ళీ కొయ్యాలంటే అదీ నీ ఇష్టం, నేను ఊరుకోను, నోరు మూసుకోను, కానీ కాలు దాచుకోను. నీ గుండీలు నువ్వే కుట్టుకో.

పదండి, బస్సు వస్తుంది.

29, సాయంత్రం

కదిలింది. సందు పెరిగిందట. కొత్త ఎముక పొగలా, మబ్బులా కనబడుతోంది ఫోటోలో. డాక్టరు వేలు పెట్టి చూపించాడు. మావాడు ఆ మబ్బు వైపు చూస్తూ నిలబడిపోయాడు, పక్కకి జరగమని రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. ఇంకా చాలా తిప్పాలి. కొన్ని నెలలు పట్టొచ్చట. పిడుగు అది విని డాక్టర్ని కూడా "ముళ్ళపంది" అంది.

వదిన అడుగుతోంది, ఇంక ఫిర్యాదు కొట్టెయ్యనా అని.

వద్దు. కింద ఖాళీ వదులు. రేపటి తిప్పు ఉంది, రేపటి తిట్టు ఉంది.

"మరి ఇవాళ్టి తిట్టు రాయించలేదే?" అంటోంది. మోకాళ్ళకి నూనె రాస్తుంటే కూడా పెన్ను వదలదు ఈ పంతులమ్మ.

రాయి. నాన్నా.

"మరదలా, అది తిట్టెలా అవుతుంది?"

వెళ్ళి పిడుగుని అడుగు.